ఒక పరుపు దూది

బీదర్, ఫిబ్రవరి 2006, మంగళవారం రాత్రి

పాత పరుపు దూది ఏకడానికి ఖాసిం భాయ్ వచ్చాడు. విప్పగానే తూయించాను, పదహారు కిలోలు. ఏకాక కుప్ప నడుమెత్తు లేచింది. మళ్ళీ తూయించాను. దుమ్ము పోయి పావు కిలో తగ్గింది, అంతే.

"బరువు గదే అక్కా, గాలి చేరింది. రెండు పరుపులైతయి. భాయ్‌సాబ్ హైదరాబాదుల చాప మీద పండుకుంటుండంట గద, ఒకటి పంపరాదు?"

పరుపు పంపితే మా ఆయన అక్కడే ఉండిపోతారని నా భయం. బిల్డింగుల పని ఆరు నెలలే అన్నారు, రెండేళ్ళు దాటింది.

"ఒకటే కుట్టు, మందంగ," అన్నాను.

సాయంత్రం ఫోన్లో, దూది రెండింటికి చాలలేదని ఆయనకు అబద్ధం చెప్పాను.

"పోనీయ్. ఎట్లాగూ మంచం కొంటున్న, పరుపు గూడ ఈడనే తీసుకుంట," అన్నారు.