సుందరలక్ష్మి కుర్చీ

మాధవరం,
జనవరి 28

చిరంజీవి తమ్ముడు కేశవకు అక్క మద్దమ్మ దీవెనలు.

నీ మోకాలు ఎట్లుంది? మరదలు శ్రీవిద్య బీపీ మాత్ర మరవకుండా వేసుకుంటోందా? మేనకోడలు హరిత స్కూటీ మీద కాలేజీకి పోతోందంట. కర్నూలు లారీల హారన్లు నాకు ఈడికే వినబడతాయి. మీ మేడ మీది నీళ్ల ట్యాంకు పగులు పూడ్చినారా? అది ఎప్పుడు ఎవరి నెత్తిన పడుతుందో అని నాకు నిద్ర లేదు. నేను బాగున్నాను. మీ బావే బాగలేడు.

ఫోన్ చేస్తే ఆయన పక్కనే ఉంటాడు, అందుకే రాస్తున్నా. వారం నుంచి మగ్గం దిగగానే ఖాళీ కుర్చీ ముందర కూర్చుంటున్నాడు. "సుందరలక్ష్మీ, కాఫీ తాగుతావా?" అంటాడు. ఆగుతాడు. "సరేలే, నీ ఇష్టమే నా ఇష్టం" అని నవ్వుతాడు. కుర్చీలో ఎవరూ లేరు తమ్ముడూ! నలభై రెండేండ్ల కాపురంలో నన్ను కాఫీ తాగినావా అని అడిగిన మనిషి కాదు. ఏదో గాలి సోకింది. చౌడమ్మకు ముడుపు కట్టినాను.

ఇట్లు, గుండె దడతో,
మద్దమ్మ

మరచినాను: ఆ కుర్చీ నా నడుం నొప్పికని నువ్వు కొనిచ్చిందే.

కర్నూలు,
ఫిబ్రవరి 5

అక్కకు కేశవ నమస్కారాలు.

అందరం క్షేమం. ట్యాంకు కదలలేదు.

బావకు గాలీ లేదు, ధూళీ లేదు. హార్మోనియం సుంకప్పకు ఫోన్ చేశాను. ఒంటిమిట్ట తిరునాళ్లకు హాస్య నాటకం ఆడుతున్నారంట. చచ్చిపోయిన పెళ్లాం ఇంట్లోనే తిరుగుతోందని నమ్మే మొగుడి వేషం బావది. ఆ పెళ్లాం పేరు సుందరలక్ష్మి. ఆ వేషం కట్టే ఆమె ఆడే రోజే ఊరికి వస్తుంది. అంతవరకు ఆమె మాటలకు సందు వదిలి మనవాళ్లు సాధన చేసుకోవడం మామూలే. నీకు చెబితే నవ్వుతావని బావ దాచినాడంట.

నీ తమ్ముడు,
కేశవ

ముడుపు విప్పెయ్. లేదంటే నా మోకాలికి మార్చు.

మాధవరం,
మార్చి 2

తమ్ముడు కేశవకు ఆశీస్సులు.

ముడుపు మోకాలికి మార్చినాను. ఏమన్నా తగ్గిందా?

నువ్వు చెప్పినాక నాకు సిగ్గేసింది. సాధనకు సాయంగా ఉందామని మొన్న ఆ కుర్చీలో కూర్చుని "తాగుతానండీ" అన్నాను. మీ బావ ఎగిరిపడినాడు.

"లెయ్‌మే! ఆమె యాడ కూచోవాల?"

"నాటకమే గదా?"

"నాటకమైతే? ఇంటికొచ్చిన మనిషిని నిలబెడ్తామా?"

వేషం మీద అంత భక్తి కాబోలు అనుకున్నా. అప్పట్నుంచి ఆయన కాఫీ మాట ఎత్తగానే కుర్చీ ముందర ఒక గ్లాసు పెడుతున్నా. పెట్టకుంటే అన్నం మీద అలుగుతాడు. నిన్న పక్కింటి పెద్దక్క చూసి, "ఎవురికి మే ఆ కాఫీ?" అంది. అలవాటు కొద్దీ "సుందరలక్ష్మికి" అనేసినాను. చక్కెర అడగడానికి వచ్చిన మనిషి చక్కెర లేకుండానే పోయింది.

ఇట్లు,
మద్దమ్మ

ఆయన మగ్గం ఎక్కినాక ఆ కాఫీ నేనే తాగుతున్నా. ఈ ఇంట్లో నాకు నిండు గ్లాసు దొరకడం ఇదే మొదలు.

కర్నూలు,
మార్చి 11

అక్కా, కోపం తెచ్చుకోవద్దు.

పెద్దక్క ఫోన్ చేసింది. నేను నమ్మలేదు. బావనే అడిగాను. "మీ అక్క ఖాళీ కుర్చీకి కాఫీ ఇస్తాండాది కేశవా. నేను సూసీ సూడనట్టు ఉండా" అన్నాడు.

సుందరలక్ష్మి లేదక్కా. అది నాటకంలో వేషం. ఈడ మనసు జబ్బులకు మంచి డాక్టరు ఉన్నాడు. ఇరవైమూడో తేదీకి నీ పేరు రాయించాను. బావే తోడు తీసుకొస్తాడు.

నీ మేలు కోరే,
కేశవ

డాక్టరు ముందు ముడుపుల సంగతి ఎత్తొద్దు.

మాధవరం,
మార్చి 16

కేశవా,

నాకు పిచ్చి అని నీ చేతిరాతలోనే చదువుకున్నాను. ఒక పూట అన్నం సయించలేదు. తర్వాత నేరుగా సుంకప్ప ఇంటికి పోయి, సాధన ఎంతవరకు వచ్చిందని అడిగినా.

"నాటకం యాడిదక్కా? శివరాత్రికే మానుకున్న్యాం. తిరునాళ్లకు ఆర్కెస్ట్రా పెట్టినారు. మీ ఆయన గురుస్వామికి ఆ పొద్దే చెప్పినా. సరేలేప్పా అని నవ్వినాడే!"

నెల అయింది తమ్ముడూ. మీ బావ ఇంకా సందు వదిలి మాట్లాడుతూనే ఉన్నాడు. ఇప్పుడు ఆ సందులో ఆయనకు జవాబు వినబడుతోంది.

ఈ మాట నీలోనే పెట్టుకో. నేసే మనిషికి తల చెడిందని తెలిస్తే షావుకారు నూలు ఆపేస్తాడు. నాకు చెడిందంటే ఆపడు. బతుకంతా నూలు కండెలు చుట్టినదాన్ని, నేసినదాన్ని కాదు కదా. అందుకే డాక్టరు చీటీలో నా పేరే ఉండనీ. ఆయన్నే డాక్టరుకు చూపించాలి రమ్మంటే గడప దాటడు. పిచ్చి పెళ్లాన్ని చూపించాలి అనేసరికి చొక్కా ఇస్త్రీ చేయించుకుని కూర్చున్నాడు. గదిలో ఒక కుర్చీ ఖాళీగా పెట్టమని డాక్టరుకు చెప్పు. మిగతాది ఆయనే మాట్లాడతాడు.

నిన్న తలుపు చాటున విన్నా. "మా మద్దమ్మకు తల చెడింది సుందరలక్ష్మీ. నాకు శానా బెంగగా ఉండాది" అంటున్నాడు. నాతో ఎప్పుడూ అనలేదు.

ఇట్లు, నీ పిచ్చి అక్క,
మద్దమ్మ

బస్సుకు మూడు సీట్లు రాయించినాడు. కిటికీ పక్కది నాది కాదు. ఇరవైమూడు, సోమవారం, పొద్దున పదకొండు గంటలకు బస్టాండుకు రా.