మూఢంలో ఆగిన కార్డు

ఫ్రీమాంట్,
14 ఆగస్టు 1984

బావగారికి, అక్కయ్యకి నమస్కారాలు.

ఫోన్ చేస్తే మా ప్రమోద వింటుందని ఉత్తరం రాస్తున్నాను. ఎకనామిక్స్ చదవడానికి బ్రస్సెల్స్ వద్దని, వాళ్ళత్తయ్య ఉన్న ఊరని మీ గ్లాస్గోనే ఎంచుకుందది. వస్తున్నానని యూనివర్సిటీ వాళ్ళు పంపిన కార్డు మీద సంతకం పెట్టి, "డాడీ, ఇవాళే మెయిల్ చెయ్యి" అని నా చేతికిచ్చింది. అప్పుడే శుక్రమూఢం మొదలైంది. మూఢం వెళ్ళాక మంచిరోజు చూసి పంపుదామని దేవుడి పటం వెనక పెట్టాను. జూన్ ముప్పై గడువని కార్డు మీదే ఉంది. నెల రోజులు ఆగలేరా అనుకున్నాను. మూఢం వెళ్ళాక పంపితే, సీటు వేరేవాళ్ళకి ఇచ్చేశామని నిన్న జవాబొచ్చింది. ఇక్కడి కాలేజీలన్నిటికీ ప్రమోద ఎప్పుడో రానని రాసేసింది.

మీరొకసారి ఆ యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్ళండి బావగారూ. కార్డు దారిలో ఆలస్యమైందని చెప్పినా సరే. ఒప్పుకుంటారన్న ఆశ నాకు లేదు. అయినా వెళ్ళి అడగండి.

దానికింకా చెప్పలేదు. ఇందాక స్వెటర్లు సర్దుకుంటూ అడిగింది: "డాడీ, నేను స్టార్ట్ అవడానికి మంచిరోజు చూశావా?"

చూస్తున్నానమ్మా అన్నాను.

మీ బావమరిది