దిష్టి చుక్కల కప్ కేకులు

పవిత్రా, పెనుకొండ బస్సుకు పోతున్నాను. నువ్వు అట్టపెట్టెలు తెచ్చేసరికి ఇంట్లో ఉండను. ఫ్యాను వేయకు, దుమ్ము పడుతుంది. కేకులు బల్ల మీదే ఉన్నాయి. నీ క్రీము డబ్బాలతో నింపి, పాలగిన్నెకు కూడా ఫ్రిజ్‌లో చోటు మిగల్చనందుకు సంతోషం.

ప్రతి కేకు మీదా నల్ల చుక్క కనిపిస్తుంది. అరవకు. అది మీ అవ్వ కళాపోషణ. నేను స్నానం చేసి వచ్చేసరికి కాటుక డబ్బాతో మొదలుపెట్టింది. "వీధిలో పోయేటోళ్లంతా కిటికీలోంచి చూస్తాండారు గదరా! తల్లి లేని బిడ్డ, మొదటి ఆర్డరు. దిష్టి తగల్తాది" అంది. డిగ్రీ చదివిన నేను వెంటనే రాజీకొచ్చాను. కాటుక లాక్కుని నీ చాక్లెట్ క్రీము నింపిన కోను చేతికిచ్చాను. నీ క్రీము గులాబీల కన్నా ఆమె చుక్కలే గుండ్రంగా వచ్చాయి.

గీకితే క్రీము పాడవుతుంది, అలాగే పంపించు. పుట్టినరోజువాళ్లు అడిగితే బెంగళూరు డిజైను అని చెప్పు. హిందూపురంలో ఆ మాటకు ఎవరూ ఎదురుచెప్పరు.

ఒకటి తగ్గిందని వెతకకు. దాని మీదది నిజం కాటుక. పారేయబోతే అవ్వ ముఖం చిన్నబోయింది, అందుకని నేనే తిన్నాను. తీపి సరిపోయింది.

నాయన