మూడు నెలల పాస్, పొద్దున ప్యాసింజర్

ఆగస్టు 22, సోమవారం

ఉదయం పదకొండున్నరకు నా ఉద్యోగం సగమైంది. ఇక వారానికి మూడు రోజులే — సోమ, బుధ, శుక్ర. పేపర్లో ప్రాంతీయ వార్తలు దిద్దే జోన్ పేజీల డెస్క్. రిపోర్టింగ్ లేదు. జీతం సగానికి కొంచెం తక్కువ.

చెప్పింది మా ఎడిషన్ ఇన్‌చార్జ్ మురళి. నా దగ్గర పని నేర్చుకున్నవాడు. నాకు కుర్చీ చూపించి తను నిలబడే చెప్పాడు. 'పైనుంచి వచ్చిందన్నా. నేనేం చేస్తనే?'

ఏమీ చేయలేడు. అది నిజం.

ఆగస్టు 23

ఎల్‌బీనగర్ ఇల్లు వదిలేయాలి. ఈ జీతానికి కిరాయి కట్టలేం. నా భార్య సరళ టీచరు, బడి నల్లగొండలో. ఇన్నేళ్లు ఆమె ఇక్కడి నుంచి రోజూ బస్సులో పోయి వచ్చింది. అక్కడ ఇల్లు తీసుకుంటే తిరగాల్సింది నేను.

'ఇప్పుడు తెలుస్తది నీకు' అంది సరళ. నవ్వుతూనే అంది.

ఆగస్టు 26, శుక్రవారం

చార్జీల సంగతి విచారించాను. బస్సు నేరుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఆఫీసు ముందే దింపుతుంది. కానీ ఖర్చు ఎక్కువ. రైలు బీబీనగర్ మీదుగా చుట్టూ తిరిగి కాచిగూడ చేరుతుంది. అక్కడి నుంచి షేర్ ఆటో. టైం ఎక్కువ, ఖర్చు తక్కువ.

విలేకరులకు ప్రభుత్వం ఇచ్చే అక్రిడిటేషన్ కార్డు ఉంటే రైల్లో సగం చార్జీ. ఆ కార్డు ఫుల్‌టైమ్ వాళ్లకే. వచ్చే నెల వెనక్కి ఇచ్చేయాలి.

మిగిలింది సీజన్ పాస్. కౌంటర్‌లో మనిషికి ఓపిక ఉంది, వివరంగా చెప్పాడు. వారానికి మూడు రోజులు తిరిగినా పాసే చౌక. మూడు నెలలకు ఒకేసారి తీసుకుంటే ఇంకా చౌక. సూపర్‌ఫాస్ట్ ఎక్కకూడదు. రిజర్వేషన్ పెట్టెలో కూర్చోకూడదు.

'మధ్యలో రైళ్లు ఆగిపోతే?' అని అడిగాను.

'పాస్ అయితే ఆగదు సార్.'

ఆగస్టు 31

ఇల్లు ఖాళీ చేశాం. ఇంటి ఓనర్ ప్రసాదరావు గారు గేటు దాకా వచ్చారు. గుడివాడ మనిషి, కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతారు. పొద్దున్నే నా పేపరు తీసుకుని నన్నే తిట్టడం ఆయన అలవాటు.

'రాష్ట్రం వస్తే మమ్మల్ని పొమ్మంటారని భయపడ్డామండీ. ముందు మీరే పోతున్నారేంటి?'

ఇద్దరం నవ్వాం. సరళ నవ్వలేదు.

సెప్టెంబర్ 2, శుక్రవారం

మూడు నెలల పాస్ తీసుకున్నాను. ఫొటోలో ముసలివాడిలా ఉన్నాను.

సెప్టెంబర్ 7

పొద్దున ప్యాసింజర్‌లో పాస్ వాళ్లది ఒక లోకం. ఇంజన్ నుంచి మూడో పెట్టె. నల్లగొండలో ఎక్కినవాళ్లు, దారిలో ఎక్కేవాళ్ల కోసం సీట్లు ఆపాలి. సీటు మీద పేపరు పరిస్తే అది పాస్ వాళ్లదే. దాని మీద ఎవరూ కూర్చోరు, కొట్లాడరు. నా దగ్గర పేపర్లకు కొదవ లేదు. ఆ కారణంగా రెండో రోజుకే నన్ను కలుపుకున్నారు.

రామన్నపేటలో యాదగిరి ఎక్కుతాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో సేల్స్‌మన్. ఊళ్లో ఉద్యమ కమిటీ కన్వీనర్.

'మీ పేపర్ ఏమైనా మంచిగుంటది సార్. రెండు సీట్లు ఆగుతయ్.'

'చదవడానికి?'

'గది ఇంక చూడలే.'

పెట్టె అంతా నవ్వింది. చాలా రోజుల తర్వాత నేనూ.

సెప్టెంబర్ 14

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. సరళ వాళ్ల సంఘం కూడా సమ్మెలోకి పోతున్నది. పోవాలి, అందులో వాదన లేదు. ఆమె జీతం ఆగుతుంది. ఇక ఇంట్లోకి వచ్చేది నా సగమే.

సెప్టెంబర్ 19, సోమవారం

బస్సులు ఆగాయి. ఎల్‌బీనగర్ చౌరస్తాలో జనం సంచులు పట్టుకుని నిలబడి ఉన్నారని ఫొటో వచ్చింది. శీర్షిక పెట్టాను. మా ఆఫీసు పైన ఉన్న కోచింగ్ సెంటర్లూ మూత. మెట్ల మీద చప్పుడు లేదు.

రైలు నడుస్తున్నది. పాస్ తీసుకోవడం సరైన నిర్ణయం అనిపించింది.

సెప్టెంబర్ 23

పట్టాల మీద జనం ఉన్నారని రైలు వలిగొండలో ఆగింది. ఆఫీసుకు పోయేసరికి మధ్యాహ్నం. మురళి గడియారం చూడలేదు. చూడకపోవడం కోసం శ్రమపడ్డాడు.

సెప్టెంబర్ 26, సోమవారం

మురళి పక్కకు పిలిచాడు. శుక్రవారం పదకొండింటికి హెడ్డాఫీసు నుంచి మేనేజర్ వస్తున్నాడు. పార్ట్‌టైమ్ వాళ్లలో సగం మందిని ఉంచుతారు. ఎదురుగా కూర్చున్నవాళ్లతోనే మాట్లాడతాడట.

'ఆ రోజు మాత్రం లేట్ గావద్దన్నా. నీ గురించి నేను చెప్పుకుంట. నువ్వు లేకుంటే నేనేం చెప్పాలె?'

అందుకోసం గురువారం రాత్రే వచ్చి ఇక్కడ ఉండొచ్చు. కానీ సరళకు మూడు రోజులుగా జ్వరం. పొద్దున ప్యాసింజర్ చాలు. సమయానికి అందుతుంది.

సెప్టెంబర్ 28, బుధవారం

ప్యాసింజర్ సమయానికే నడిచింది. రామన్నపేటలో యాదగిరి ఎక్కాడు. నా పక్కనే కూర్చున్నాడు.

'సార్, మా ఊర్ల రైల్ రోకో వెడుతున్నం. సాయంత్రం ఐదింటికి అనుకుంటున్నం. పేపర్ల వస్తదా?'

నేను మరొకరి శీర్షిక దిద్దుకుంటున్నాను. తల ఎత్తకుండానే చెప్పాను. సాయంత్రం అయితే ఫొటో జిల్లా పేజీకి అందదు, పొద్దున్నే కూర్చోండి, బ్యానర్ ఇంజన్‌కు అడ్డంగా పట్టుకోండి.

'గట్లనే సార్. మీరు చెప్తే అయిపాయె.'

ఇలాంటి సలహా వందల మందికి ఇచ్చి ఉంటాను. ధర్నాకు, దీక్షకు, కలెక్టరేట్ ముట్టడికి. మా పనిలో అది మామూలే.

సెప్టెంబర్ 29, గురువారం

కాచిగూడకు పోయే సాయంత్రం రైలు వెళ్లిపోయాక ఫోన్ వచ్చింది. యాదగిరి.

'రేపే సార్. పొద్దుగాల ఏడింటికి. ప్యాసింజర్‌ను ఆపుతున్నం. మీరు చెప్పినట్టే.'

నిన్న నేను ఏ రోజని అడగలేదు. కొత్తగా చేరిన విలేకరికి మొదట నేర్పే ప్రశ్న అది — ఎప్పుడు?

ఆఫీసు సంగతి చెప్పాను.

'అయ్యో సార్. జర ముందుగాల చెప్తే... కమిటీల అందరు సాయంత్రమే అన్నరు. నేనే రిపోర్టర్ సార్ మాట అని చెప్పి ఒప్పిచ్చిన.'

ప్యాసింజర్‌ను వదిలి వెనక వచ్చే రైలును ఆపమని అడిగాను. అడిగిన తర్వాత చెవి వేడెక్కింది. ఒక కార్యక్రమాన్ని నా కోసం మార్చమని ఎవరినీ ఎప్పుడూ అడగలేదు.

'నేనొక్కన్ని చెప్పేది గాదు సార్. పొద్దుగాల ఆరింటికి కమిటీ కూసుంటది. అడుగుత. ఖాయం అనను.'

ప్రసాదరావు గారికి ఫోన్ చేశాను. ఆయన కారు గుర్తొచ్చింది.

'పంపనా అండీ? పంపుతాను. కానీ అది ఏపీ పదహారు, మా గుడివాడ వైపు నంబరు. హయత్‌నగర్ దాటాక అద్దాలు ఉంటాయంటారా? మీరే చెప్పండి, రిపోర్టరు గారు కదా.'

ఉండకపోవచ్చు అని చెప్పాను. పంపవద్దన్నాను. 'ఏవండీ, అంత నిజం చెప్పక్కర్లేదు' అన్నారు. మళ్లీ ఆయనే, 'పట్టాల మీద వాళ్లను బతిమాలి అయినా వెళ్లండి' అన్నారు.

రాత్రికి జీపులు ఏమైనా ఉన్నాయేమోనని అడ్డా మీద కనుక్కున్నాను. చౌటుప్పల్ దగ్గర రోడ్డు మీద చెట్లు కొట్టి పడేశారట. ఎవరూ కదలడం లేదు.

మురళికి చెప్పాలా? చెబితే, రాలేనని ముందే ఒప్పుకున్నట్టు. చెప్పలేదు.

సరళకు మొత్తం చెప్పాను. జ్వరం తగ్గింది, గోడకు ఆనుకుని కూర్చుంది. 'వాళ్లు ఆపకపోతే ఉద్యమానికి నష్టమా?' అని అడిగింది. కాదన్నాను. 'ఆపితే మనకు?' అంది. ఆమె లేచి పొద్దుటి కోసం పిండి తడిపింది. పాస్ చొక్కా జేబులో పెట్టాను.

రేపు. ఆరింటికి రామన్నపేటలో కమిటీ. ఆరున్నరకు నల్లగొండ నుంచి ప్యాసింజర్. ఏడింటికి పట్టాల మీద జనం. పదకొండింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో మేనేజర్.

రైలు బయలుదేరే లోపు యాదగిరి ఫోన్ చేస్తానన్నాడు. చేసినా, చేయకపోయినా ఎక్కుతాను.