వెనకబడే పోటీ

మండపేట

చిరంజీవి సారికకి పెదనాన్న వీరవెంకటసత్యనారాయణ దీవెనలు.

రాజమహేంద్రవరం కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్‌వయ్యావని మిల్లంతా స్వీట్లు పంచానమ్మా. పేద దేశాలు ఎలా పైకొస్తాయో చెప్పే పిల్ల మా ఇంట్లో పుట్టింది! అందుకే నా బాధ నీకే చెబుతున్నా. నావి రెండు బియ్యం మిషన్లు. ఎదురుగా మిల్లు పెట్టిన మీ బాబాయి సత్యప్రసాద్‌ది ఒక్కటే. అయినా ఏటేటా నన్ను తరుముకొస్తున్నాడు. తోడల్లుడి చేతిలో ఓడితే మీ పెద్దమ్మ ముందు తలెత్తుకోగలనా? కాలవగట్టు పొలం తాకట్టుపెట్టి మూడో మిషన్ కొనేద్దామనుకుంటున్నా. ఏమంటావు?

మీ పెదనాన్న

తా.క.: ఫ్యామిలీ గ్రూపులో జవాబు పెట్టకు. అక్కడ అందరికన్నా ముందు చూసేది మీ బాబాయే. మన లారీ డ్రైవర్ జయపాల్ చేతికివ్వు.

రాజమహేంద్రవరం

పెదనాన్న గారికి నమస్కారాలు.

పొలం జోలికెళ్లకండి. మనుషులు అంతమందే ఉండి మిషన్లు పెంచుకుంటూ పోతే, ప్రతి కొత్త మిషనూ ముందుదానికన్నా తక్కువ కలిసొస్తుందని మా సిద్ధాంతం. అందుకే మిషన్లు తక్కువున్న దేశం వేగంగా ఎదుగుతుంది, ఎక్కువున్నది నెమ్మదిస్తుంది. పొదుపూ చదువూ ఒకేలా ఉంటే చివరికి వెనకది ముందుదాన్ని అందుకుంటుంది.

మీ సారిక

తా.క.: బాబాయిని చూసి బెంగపడకండి. వెనకున్నవాళ్లకి వేగం ఎక్కువ, అంతే.

మండపేట

బంగారు తల్లి సారికకి,

ఎంత గొప్ప మాట చెప్పావమ్మా! వెనకుంటేనే వేగమన్న కిటుకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. వెంటనే ఒక మిషన్ ఆపేశాను. నాకేదో రహస్యం తెలిసిపోయిందని మీ బాబాయి ఉన్న ఒక్కటీ ఆపేశాడు. నాకన్నా వెనక్కి పోతాడా? రెండోదీ ఆపేశాను. ఇప్పుడు రోడ్డుకి అటూ ఇటూ ధాన్యం ట్రాక్టర్లే, రైతుల తిట్లే.

నీ తెలివికి మురిసిపోతున్న పెదనాన్న

తా.క.: ఇంకెంత వెనక్కెళ్తే ముందుకెళ్తామో మీ పెద్దమ్మ కనుక్కోమంటోంది.

రాజమహేంద్రవరం

అయ్యో పెదనాన్నా!

ముందు మిషన్లు వెయ్యండి! వెనక్కి నడిస్తే ఎవరూ ఎదగరండీ. ఇంకోమాట. మిషన్లూ మనుషులూ అన్నీ లెక్కేశాక కూడా దేశాల ఎదుగుదలలో కొంత ముక్క మిగిలిపోతుంది. అది కొత్త తెలివి వల్ల, మంచి పద్ధతి వల్ల వచ్చేది. మీరు వెతకాల్సింది దాన్ని.

కంగారుగా, సారిక

తా.క.: నా సలహా మీదే మిల్లులు ఆగిపోయాయని మా ప్రిన్సిపాల్‌కి తెలియనివ్వకండి.

మండపేట

మా ఇంటి సరస్వతికి,

మిషన్లు వేశాంలే. కానీ ఆపడమే మంచిదైంది. పనిలేక నేనూ మీ బాబాయీ ఒకే టీకొట్టులో తేలాం. "ఏంటి తమ్ముడూ, ఎందుకాపావు?" అన్నా. "మీరాపారు కదండీ అన్నయ్యగారూ, లేకపోతే నాకేం పిచ్చా!" అన్నాడు. నాకు భయపడి తనూ పొలం తాకట్టు పెట్టబోయాడట! నవ్వాగలేదమ్మా. ధాన్యం ఎంత ఆరాక ఆడిస్తే నూక తగ్గుతుందో అతనికి తెలుసు. చప్పుడు వింటే మిషన్‌కి ఏమైందో నాకు తెలుసు. ఒకరికొకరం నేర్పుకున్నాం. ఇప్పుడు నా బియ్యం విరగట్లేదు, అతని మిషన్ ఆగట్లేదు, ఇద్దరి పొలాలూ దక్కాయి. ఆ మిగిలిన ముక్క ఏంటో తెలిసిందమ్మా. తోడల్లుడు! నీ సిద్ధాంతానికి వెయ్యి దండాలు.

మీ పెదనాన్న, పక్కనే మీ బాబాయి

తా.క.: బ్యాంకులో రిటైరైన మీ నాన్న కూడా ఇక్కడ మిల్లు పెడతానంటున్నాడు. ఒక్క మిషనూ లేనివాడు, ఎంత వేగంగా వస్తాడోనని మా ఇద్దరికీ దడగా ఉంది. సలహా అడిగితే, మా మిషన్లు ఆపించిన ఆ మొదటి ఉత్తరమే తనకీ రాసి పంపు.