మాటలు తీసేస్తే మిగిలేది

ఫిబ్రవరి 9

గిటార్ టీచర్ ఈరోజు నాకు పేరు పెట్టారు. మెట్లబాబు.

అయిదు నోట్ల పెంటటోనిక్ స్కేలు గిటార్ మీద అన్ని పొజిషన్లలోనూ కళ్లు మూసుకుని వాయించి చూపించాను. ఒక్క నోటు తప్పలేదు. ఆవిడ తీరిగ్గా టీ పూర్తి చేసి, బాగా ఎక్కావు, బాగా దిగావు, మరి పైన ఎవరింటికైనా వెళ్లావా అని అడిగారు. అర్థం కాలేదు. ఊరికే ఎక్కి దిగితే ఏముంది నాయనా, తలుపు కొట్టాలి, లోపలున్నవాళ్లతో మాట్లాడాలి అన్నారు.

ఇన్నాళ్లు నేర్చుకున్నాక ఈ మాట. ఒళ్లు మండింది.

ఏప్రిల్లో బావ వాళ్ల కంపెనీ యాన్యువల్ డే. మా బ్యాండ్‌కి అవకాశం ఇప్పించింది బావే. ఆఖరి పాటలో సోలో నాది. ఇంటికొచ్చి కసిగా మళ్లీ స్కేలే వాయించాను, ఇంకా స్పీడుగా. బావ గుమ్మంలో నిలబడి విని, బామ్మర్దీ, కుట్టుమిషను తొక్కుతున్నావా అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. ఈ గిటార్ కొనిచ్చింది బావే. ఈ ఊళ్లో ఉద్యోగం దొరకగానే, వేరే రూమెందుకురా, అక్క ఇల్లుండగా అని హాలు నాకు అప్పగించింది కూడా బావే.

ఫిబ్రవరి 16

ఈరోజు క్లాసులో గిటార్ ముట్టుకోనివ్వలేదు. మనుషులు మాట్లాడేది వినమన్నారు. మాటలు వదిలెయ్, వాటి రాగం పట్టుకో అన్నారు. ఎక్కడ ఊపిరి తీసుకుంటారు, ఎక్కడ ఆగుతారు, ఏ మాట మీద జారతారు. దాన్ని తీగ మీద పెట్టాలి. ఊపిరి అయిపోతే వేలు కూడా ఆగాలి.

పిచ్చి పనిలా ఉంది. చేస్తాను.

ఫిబ్రవరి 20

మా కళ్లజోళ్ల షాపులో రోజంతా చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. బోర్డు మీద అక్షరాలు చదివేవాళ్లు మంచి సరుకు. పెద్దక్షరాల దగ్గర గొంతు దర్జాగా దిగుతుంది. చిన్నవాటికి వచ్చేసరికి ప్రతి అక్షరం చివరా పైకి లేస్తుంది, అవునా కాదా అని మనల్నే అడుగుతున్నట్టు.

సాయంత్రం ఒక పెద్దాయన చదివిన చివరి వరస వాయించాను. తీగని వేలితో పక్కకి లాగి బెండ్ చేసి, పైదాకా చేరనివ్వకుండా సగంలో వదిలేయాలి. గిటార్ నిజంగా తడుముకుంది! అక్క వంటింట్లోంచి తొంగిచూసి, ఎవర్రా ఆ ముసలాయన అంది. పడీపడీ నవ్వాను. తనూ నవ్వబోయింది. వీధి గుమ్మం దగ్గర బావ బూట్ల చప్పుడైంది. లోపలికి వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 27

ఇంట్లో అందరికంటే మంచి గొంతు బావది. కంపెనీలో కొత్తగా చేరినవాళ్లకి కస్టమర్లతో ఎలా మాట్లాడాలో నేర్పడమే ఆయన ఉద్యోగం. ఎంత కోపమొచ్చినా మెత్తగానే ఉంటుంది మాట. అల్లుడు రెండు ముక్కలు మాట్లాడితే చాలు, నా కడుపు నిండిపోతుంది అంటుంది అమ్మ.

ఇవాళ భోజనాల దగ్గర కూరలో ఉప్పు కాస్త ఎక్కువైంది. బావ ఒక ముద్ద తిని, ఉప్పు... నువ్వే చెప్పు, సరిపోయిందా అన్నాడు అక్కతో. ఎంత అందంగా అన్నాడో. మొదటి మాట లాగి వదిలేశాడు. తర్వాత పెద్ద ఖాళీ. తర్వాత మిగతావి మెత్తగా కిందికి. బల్ల కింద వేళ్లతో ఆ కాలం కొలుచుకున్నాను. అక్క లేచి, ఇంకో కూర చేసుకొస్తానంది.

మార్చి 2

ఆ ముక్క టీచర్‌కి వాయించి చూపించాను. మందపాటి తీగ మీద, తొందరపడకుండా. పూర్తయ్యేలోగా ఆవిడ చెయ్యి చాపి తీగలు మూసేశారు. ఎవరిది ఇది అన్నారు. ముందు మీకేమనిపించిందో చెప్పండి అన్నాను గర్వంగా.

ఎవర్ని భయపెడుతున్నాడు అన్నారు.

నవ్వాను. ఉప్పు గురించి టీచర్, కూరలో ఉప్పు అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఉప్పో పప్పో నాకు తెలీదు, మాటలు తీసేసి తెచ్చింది నువ్వే, మిగిలింది ఇదీ అన్నారు. ఇంకోసారి వాయించమన్నారు. వాయించాను. మధ్యలో ఆ ఖాళీ దగ్గర నేనే ఆపేశాను.

మార్చి 3

గిటార్ ముట్టలేదు.

మార్చి 9

వినకుండా ఉండలేకపోతున్నాను. పేపరు అడ్డం పెట్టుకుని హాల్లోంచి వింటున్నాను. ఫోనెక్కడ పెట్టావు. ఇవాళ ఎవరైనా వచ్చారా. ఆ కిటికీ ఎందుకు తీసుంది. రాసుకుంటే ఏమీ లేదు. ఏ ఇంట్లోనైనా ఎవరైనా అడిగేవే. కానీ ప్రతిదాని వెనకా అదే ఖాళీ.

ఆ ఖాళీలో అక్క మాట్లాడుతుంది. నింపకపోతే ఏదో మీద పడుతుందన్నట్టు, గబగబా, అడగనివాటికి కూడా జవాబులు చెబుతుంది. అచ్చం నేను స్కేలు వాయించినట్టే. అన్నీ సరైన నోట్లే. ఎక్కడా ఊపిరి లేదు.

తను ఇలా ఉండేది కాదు. పెళ్లికి ముందు ఇంట్లోకి తన గొంతు ముందొచ్చి, తను వెనకొచ్చేది. చిన్నపిల్లల బడిలో పనిచేసేది. మానేసింది. బావ మాన్పించలేదట, తనే మానేసిందట. నాకా సంగతి చెప్పింది బావే.

మార్చి 15

బెడ్‌రూమ్ తలుపుకి బయటివైపు కొత్త గడియ. గాలికి తలుపు కొట్టుకుంటోంది బామ్మర్దీ అన్నాడు బావ, నేను అడక్కముందే.

లోపలివైపు గడియ లేదు. స్క్రూలు ఊడదీసిన బొక్కలున్నాయి.

మార్చి 18, సాయంత్రం

అక్క వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. బావ ఇంకా రాలేదు. నేను ఆ ఉప్పు ముక్క మీదే ఉన్నాను. ఎందుకో దాన్ని వదల్లేకపోతున్నాను. నోటుని ఊపే వైబ్రాటో పూర్తిగా తీసేసి, నోటు చివర వేలు బరువు కొంచెం కొంచెంగా తగ్గిస్తే ఆ మెత్తదనం వస్తుందని ఇవాళ తెలిసింది. చేశాను. వచ్చింది.

వంటింట్లో నీళ్ల చప్పుడు ఆగిపోయింది. అక్క తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. తల దించుకుని, అయిపోయిందండీ, వచ్చేస్తున్నానండీ అంటోంది. తర్వాత తలెత్తింది. హాల్లో నేనొక్కణ్ణే ఉన్నాను, ఒళ్లో గిటార్‌తో.

తన చేతుల్లోంచి నీళ్లు నేల మీద పడుతున్నాయి. కాసేపటికి, ఇది ఇంకెప్పుడూ వాయించకురా అంది. బతిమాలినట్టు కాదు. పొయ్యి దగ్గరికి పోతున్న పసివాడికి చెప్పినట్టు.

మార్చి 26, మధ్యాహ్నం

షాపులో కరెంటు పోయింది. లెన్సులు కోసే మెషిన్ ఆగిపోయింది. ఓనర్ ఇంటికి పొమ్మన్నాడు.

నా తాళంచెవితో ఇంట్లోకి వచ్చాను. అక్క లేదు. బెడ్‌రూమ్ తలుపుకి బయటి గడియ వేసి ఉంది. లోపలి నుంచి దగ్గు. అక్కా అన్నాను. తియ్యకు అంది వెంటనే. గడియ సందులో కాగితం ముక్క ఉంటుంది, అది పడితే ఆయనకి తెలిసిపోతుంది అంది.

ఉంది. గోరంత. దాన్ని గుప్పిట్లో పట్టుకుని గడియ తీశాను.

మంచం మీద నీళ్ల సీసా. మూలన ఒక బకెట్. బకెట్ ఎందుకో అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం తిప్పుకున్నాను. అక్కే నన్ను ఓదార్చింది. మధ్యాహ్నాలేరా, ఆయన భోజనానికొచ్చి వెళ్లేటప్పుడు వేస్తాడు, నువ్వొచ్చే లోపల వచ్చి తీసేస్తాడు, ఆఫీసు పక్క వీధిలోనేగా అంది. ఎదురింటావిడతో కిటికీలోంచి మాట్లాడిందట. దానికి.

ఇప్పుడే పోదాం పద అన్నాను. తల అడ్డంగా ఊపింది. పోతే ఏం చేస్తాడో ఎప్పుడో చెప్పాడట. చాలా ప్రేమగా చెప్పాడట. ఏమిటో మాత్రం తను నాకు చెప్పలేదు.

లోపలికి వెళ్లి మళ్లీ మంచం మీద కూర్చుంది. గడియ పెట్టమంది. పెట్టాను. కాగితం ముక్క సందులో దోపాను. ఈ చేతులతోనే.

మార్చి 30

టీచర్‌కి అంతా చెప్పాను. ఆవిడ ఒంటరిగా ఊరి చివర ఉంటారు, వెనక గది ఖాళీ. సానుభూతి మాటలేమీ అనలేదు. నీ దగ్గర ఇంటి తాళంచెవి ఉందా, ఆయన ఇంటికి రాడని గట్టిగా చెప్పగలిగే సమయం ఏదైనా ఉందా అని అడిగారు.

ఉంది. నా సోలో.

ఏప్రిల్ 4

వంటింట్లో కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో అక్క సరే అంది.

ఏప్రిల్ 11

రేపటి ప్రోగ్రాంకి అక్క రాదని బావ చెప్పాడు, తలనొప్పట. అక్క అక్కడే నిలబడి ఉంది. తన తలనొప్పి సంగతి తనకీ అప్పుడే తెలిసినట్టుంది.

ఏప్రిల్ 13, ఉదయం

నిన్నటిది రాయాలి.

ప్రోగ్రాం వాళ్ల ఆఫీసు హాల్లోనే, బావే యాంకర్. జోకులేశాడు, అందరూ కడుపుబ్బ నవ్వారు. ప్రోగ్రాం మధ్యలో ఒకసారి మాయమై వచ్చాడు. వస్తూనే స్టేజీ పక్కన నన్ను చూసి బొటనవేలు ఎత్తాడు. గడియ చూసుకుని వచ్చాడన్నమాట. అప్పుడు టీచర్‌కి మెసేజ్ పెట్టాను. తాళంచెవి పొద్దుటే ఆవిడకి ఇచ్చేశాను.

ఆఖరి పాట. బావ ముందు వరసలో కూర్చున్నాడు. పాడటం అయిపోయి నా సోలో వచ్చింది. అప్పుడే ఆయన లేచి, జేబు తడుముకుని, బండి తాళాలు తీసి పక్క తలుపు వైపు నడవడం మొదలుపెట్టాడు.

వేళ్లు వాటికవే స్కేలు ఎత్తుకున్నాయి. పైకి, కిందికి, పైకి. బావ తలుపు దాకా వెళ్లాడు. నేను ఆపేశాను. పళ్ల డాక్టరైన మా డ్రమ్మరు నోట్ మర్చిపోయానేమోనని కంగారుగా నా వైపు చూశాడు. ఆ నిశ్శబ్దంలో వాయించాను. ఉప్పు... నువ్వే చెప్పు, సరిపోయిందా.

బావ గిరుక్కున తిరిగాడు. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు. వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

ఇక ఆయన ప్రశ్నలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వాయించాను. ఫోను, కిటికీ, ఎవరొచ్చారు. ప్రతిదాని వెనకా ఆ ఖాళీ. హాల్లో ఎవరూ కదల్లేదు. తర్వాత అక్క జవాబు వాయించాలి. గబగబా చెప్పే ఆ జవాబులు నాకు కంఠతా వచ్చు. అవి వాయించబుద్ధి కాలేదు. ఒక్క నోటు మీటి, నెమ్మదిగా పైకి లాగి, అక్కడే పట్టుకున్నాను. కాదు అని. వేలి చర్మం తెగినట్టయింది. వదల్లేదు. ఆ మాట ఆ ఇంట్లో అక్క నోట నేనెప్పుడూ వినలేదు. చూసి వాయించడానికి ఏమీ లేదు. అక్కణ్ణుంచి వచ్చిందంతా ఏ మనిషి దగ్గరా విన్నది కాదు, నాది.

జేబులో ఫోను వణికింది, అక్క బయటపడిందన్న గుర్తు. టీచర్. ఆపాను.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది బావే. స్టేజీ ఎక్కి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ మెల్లగా అడుగుతుందే, ఆ ముక్క, అద్భుతం బామ్మర్దీ, ఎక్కడ పట్టావు అన్నాడు. కళ్లలో నీళ్లు. నటన కాదు. తన గొంతు తనే గుర్తుపట్టలేదు.

మీకు నచ్చితే చాలు బావా అన్నాను. ఆయన తాళాలు ఆడించుకుంటూ ఇంటికి వెళ్లాడు. నేను వెనక గుమ్మం నుంచి టీచర్ ఇంటికి పరుగు.

ఏప్రిల్ 14

అమ్మ ఫోన్. అల్లుడు ఏడ్చాడట. తప్పు నాదే అత్తయ్యా, ఎక్కడున్నారో చెబితే వచ్చి కాళ్లు పట్టుకుంటాను అన్నాడట. అంత మర్యాదస్తుణ్ణి ఏం చేశార్రా మీరిద్దరూ అని నన్ను తిట్టింది. ఎక్కడున్నామో అడిగింది. చెప్పలేదు. అక్క మాట్లాడతానంది. చాలాసేపు మాట్లాడింది. చివరికి అమ్మ, ఎక్కడున్నామని మళ్లీ అడగలేదు.

ఏప్రిల్ 16

పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. రాసుకునే ఆయన, కొట్టాడా అని అడిగాడు. లేదంది అక్క. తిట్టాడా. లేదు. మరేం చేశాడమ్మా అన్నాడు విసుగ్గా. అక్క బకెట్ గురించి చెప్పింది. పెన్ను ఆగిపోయింది. పక్క బల్ల దగ్గరున్న ఆడ పోలీసు కుర్చీ జరుపుకుని వచ్చి, మొదటినుంచీ చెప్పమంది.

బయటికొచ్చాక చూస్తే రోడ్డుకి అవతల బావ బండి. బావ లేడు. బండి ఉంది.

ఏప్రిల్ 21

టీచర్ ఇంటి ఫోన్ మోగింది. ఎత్తాను. ఎవరూ మాట్లాడలేదు. ఊపిరి మాత్రం.

అక్క రిసీవర్ నా చేతిలోంచి తీసుకుంది. రాను అంది. పెట్టేయకుండా అలాగే నిలబడింది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అవతల అరుపులు మొదలయ్యాయి. బావ అరవగలడని నాకు తెలీదు.

అక్క రిసీవర్ని నాకూ టీచర్‌కీ వినపడేలా మా వైపు తిప్పి పట్టుకుంది.