బూట్లు విప్పిన చోటు

ట్రాయ్ (అమెరికా), 12 ఫిబ్రవరి 1984, ఆదివారం

చెల్లెలు సరోజ ఇవాళ మ్యూజియంకి తీసుకెళ్లింది. అక్కడ గోడంత పాత యూరప్ నేత తెర, బొమ్మలు నేసింది. దాని మీద, పాతాళ రాజు ఎత్తుకుపోయిన కూతురి కోసం దివిటీ పట్టుకుని వెతుకుతున్న గ్రీకు దేవత. అలవాటుగా మంచు బూట్లు విప్పి దండం పెట్టాను. గార్డు పరుగెత్తుకొచ్చాడు.

"ఆవిడ మన దేవత కాదక్కా!" సరోజ ఒకటే నవ్వు.

"ఎవరి దేవతైతేనేం, తల్లే కదే."

ఆ కూతురు ఏటా ఆర్నెల్లు తల్లి దగ్గరికొస్తుందని పక్కన రాసింది చదువుతూ సరోజ ఆగిపోయింది. పోట్లాడి ఇల్లు వదిలిన తన కూతురు లత మాట్లాడి మూడు నెలలు.

"ఆర్నెల్లయినా చాలక్కా," అని తనూ బూట్లు విప్పింది.

ఇంటికొచ్చి లతకి ఫోన్ చేసింది. నేను దేవుడి ముందు కూర్చున్నాను. రోజూ రెండు రింగులకే ఫోన్ పెట్టేసే సరోజ, ఇవాళ రిసీవర్ పట్టుకునే నిలబడింది.